మూడో గేరు తర్వాత

కొత్తగూడెం దాటి పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళే రోడ్డు మీద పాత జీపు నడిపినవాళ్ళకి ఆ మోత చెవుల్లో ఉండిపోతుంది. మూడో గేరు పడిపోయింది. ముల్లు అరవై దగ్గర వణుకుతోంది. ఇంజన్ గొంతు చించుకుంటోంది. వెనక బొగ్గు లారీ హారన్ కొడుతోంది. మనకు తెలియకుండానే చెయ్యి గేరు రాడ్డు మీదికి పోతుంది, ఇంకో గేరు ఉన్నట్టు. ఉండదు. ఆ లేని గేరు పేరే ఓవర్‌డ్రైవ్.

ఈ ప్రాంతంలో ఆ గేరు కోసం వెతికేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అదేదో షోకు కాదు. ఇక్కడి జీపు ఒకే రోజులో రెండు రకాల దారుల్లో బతకాలి. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా సుమారు 120 కిలోమీటర్లు మంచి తారు రోడ్డు. భద్రాచలంలో గోదావరి వంతెన దాటాక దుమ్ముగూడెం, చర్ల వైపు తిరిగినా, చింతూరు వైపు తిరిగినా, తారు విడిచి లోపలికి పోతే వాగులు, రాళ్ళు, వానాకాలంలో పయ్యలు కూరుకుపోయే బురద. 2014 తర్వాత భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయి, ఊరి పొలిమేర దాటగానే ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది. ఇంకొంచెం ముందుకెళ్తే కుంట, అది ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాల మీదుగా తిరిగే ఈ బండికి పొద్దున అరవై, డెబ్బై వేగం కావాలి. మధ్యాహ్నానికి మనిషి నడకంత నిదానం కావాలి. బస్సు పోని ఊళ్ళకు సంత రోజున జనాన్ని మోసింది ఈ జీపులే. ఇప్పుడు ఆటోలు, బొలేరోలు ఆ పని అందుకున్నా, పాత ఏపీ 20 నంబరు జీపుల్ని వదులుకోలేని కుటుంబాలు పాల్వంచలోనూ బూర్గంపాడులోనూ కనిపిస్తాయి. ఆ జీపు మీద సంపాదించి పిల్లల్ని చదివించినవాళ్ళు దాన్ని పాత ఇనప సామానుకి ఎలా వేస్తారు?

అసలు జీపుకి ఆ గేరు ఎందుకు లేకుండా పోయిందో చూడాలి. 1941 నుంచి 1945 దాకా విల్లీస్ కంపెనీ సైన్యానికి చేసిన ఎమ్‌బీ జీపులో ఇరుసులోని క్రౌన్ పినియన్ గేర్ల రేషియో 4.88. యుద్ధం అయ్యాక అదే బండిని సీజే-2ఏ పేరుతో రైతులకు అమ్మాలనుకున్నారు. నాగలి లాగాలి, నూర్పిడి మిషను తిప్పాలి. అందుకని రేషియోని 5.38 చేశారు. పినియన్‌కి 8 పళ్ళు, క్రౌన్‌కి 43. బలం పెరిగింది, పరుగు తగ్గింది. గేరు పెట్టె బలాన్ని ముందు, వెనక పయ్యలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఒక రంధ్రం, దాని మీద మూత ఉంటాయి. వ్యవసాయ యంత్రాలు తిప్పే పీటీవో షాఫ్టు దానికి తగిలించడానికి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు మన దేశంలో విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టారు. తర్వాత సీజే-3బి మన దేశపు జీపు అయిపోయింది. దాంతోపాటు ఆ రైతు రేషియో, ఆ వెనక మూత కూడా మనకు వచ్చాయి. ఆ మూతని గుర్తు పెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

లెక్క చెప్తాను, కాగితం పెన్సిలు చాలు. 6.00-16 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.15 మీటర్లు పోతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి ఒక కిలోమీటరు, అంటే పయ్య నిమిషానికి దాదాపు 465 చుట్లు తిరగాలి. దాన్ని 5.38తో హెచ్చిస్తే ఇంజన్ 2,500 చుట్లు. టాప్ గేరు నేరుగా ఒకటికి ఒకటి కాబట్టి మధ్యలో తగ్గేదేమీ లేదు. 80కి పోతే 3,300 దాటుతుంది. హరికేన్ పెట్రోలు ఇంజనుకి అసలు బలం 2,000 దగ్గరే ఉంటుంది. ట్రాక్టరు వంశం నుంచి వచ్చిన ఇంటర్నేషనల్ డీజిల్ ఇంజను ఉన్న జీపుకైతే ఈ చుట్లు మరీ శిక్ష. 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టాయి. ఆ ఇంజను పొలంలో నిదానంగా, గట్టిగా లాగడానికి పుట్టినది. దాన్ని పట్టుకుని పాల్వంచ రోడ్డు మీద పరుగెత్తమంటే బేరింగులు ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయి?

ఓవర్‌డ్రైవ్ గురించి నలుగురూ మాట్లాడే శాతాల దగ్గర చాలామంది తప్పు చేస్తారు. అమెరికాలో జీపులకు వార్న్ కంపెనీ చేసిన యూనిట్‌ని 25 శాతం అంటారు. ఇంగ్లండులో ల్యాండ్ రోవర్లకు ఫెయిరీ చేసిన దాన్ని దాదాపు 28 శాతం అంటారు. వింటే ఫెయిరీయే పెద్దదనిపిస్తుంది. కానీ వార్న్ లెక్క ఇంజన్ చుట్లు తగ్గే శాతం, ఫెయిరీ లెక్క బండి వేగం పెరిగే శాతం. వార్న్ రేషియో 0.75. చుట్లు 25 శాతం తగ్గుతాయి, అవే చుట్లకు వేగం 33 శాతం పెరుగుతుంది. ఫెయిరీ రేషియో 0.782. చుట్లు 22 శాతమే తగ్గుతాయి. అమ్మేవాడు శాతం చెప్తే రేషియో అడగండి. రేషియో చెప్పలేని వాడి దగ్గర కొనకండి.

ఇప్పుడు మన ముందున్న దారులు. అన్నిటికంటే సులువైనది పెద్ద టైరు. 6.00-16 తీసి 7.00-16 వేస్తే ఎత్తు తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది, 60 దగ్గర చుట్లు 2,300కి దిగుతాయి. అంతే. స్టీరింగు బరువవుతుంది, మీటరు అబద్ధం చెప్తుంది, పాత సీజే-3బి 9 అంగుళాల బ్రేకు డ్రమ్ములకి ఆ పెద్ద పయ్యని ఆపడం కష్టం. టైరు అరిగిపోయి ఎలాగూ మార్చాల్సి వస్తే మార్చుకోండి. చుట్లు తగ్గించడానికే మార్చడం దండగ.

ఈ చుట్టుపక్కల షెడ్లలో ఎక్కువగా చేసేది క్రౌన్ పినియన్ మార్పు. 5.38 తీసి 4.88 గానీ 4.27 గానీ వేస్తారు. 4.88కి 39, 8 పళ్ళు. 4.27కి 47, 11. విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ అడిగితే దొరికే సరుకు. 4.27 వేస్తే 60 దగ్గర ఇంజన్ 2,000కి దిగుతుంది, ఫెయిరీ ఓవర్‌డ్రైవ్ ఇచ్చినంత లాభం. కానీ ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి వెనక హౌసింగుతోపాటు ముందు హౌసింగులో కూడా అదే రేషియో వేయాలి. వెనకది మార్చి ముందుది వదిలేస్తే ఫోర్ వీల్ వేసిన రోజున ముందు పయ్యలు ఒక లెక్కలో, వెనక పయ్యలు ఒక లెక్కలో తిరిగి ట్రాన్స్‌ఫర్ కేసుని నలిపేస్తాయి. డబ్బు మిగులుతుందని వెనకది ఒక్కటే మార్చి, ముందు జాయింటు రాడ్డు విప్పి మూల పడేసిన జీపులు నేను చూశాను. అది ఇక ఫోర్ వీల్ బండి కాదు, దానికి మరో పేరు పెట్టుకోవాలి.

రెండోది ఇంకా లోతైనది. పాత మూడు గేర్ల పెట్టెలో ఫస్టు గేరు 2.8, ట్రాన్స్‌ఫర్ కేసు లో రేంజి 2.46, క్రౌన్ 5.38. మూడూ హెచ్చిస్తే 37. ఇంజన్ 37 చుట్లు తిరిగితే పయ్య ఒక్క చుట్టు. వాగులో గుండ్రాళ్ళ మీద బండిని చీమలా పాకించేది ఆ 37. క్రౌన్ 4.27 చేస్తే అది 29కి పడిపోతుంది. అప్పుడు రాయి మీదికి ఎక్కాలంటే క్లచ్చు జార్చాలి, క్లచ్చు జారిస్తే ప్లేటు కాలుతుంది. రోడ్డుకి ఇవ్వడానికి అడవి నుంచి లాక్కోవడమే ఇది. పోయేది తారు రోడ్డు మీదే అయితే నష్టం లేదు. ఇక్కడి జీపుకి మాత్రం ఇది చెడ్డ బేరం అని నా అభిప్రాయం.

ఐదు గేర్ల పెట్టె వేయించుకునేవాళ్ళూ ఉన్నారు. మహీంద్రా తర్వాతి బండ్లలో వచ్చిన పెట్టెని పాత జీపుకి కూర్చడం. ఐదో గేరు సహజంగానే ఓవర్‌డ్రైవ్ కాబట్టి ఆలోచన తప్పు కాదు. కానీ పెట్టె పొడుగు మారుతుంది, బెల్ హౌసింగు మారుతుంది, ట్రాన్స్‌ఫర్ కేసుకి మధ్యలో అడాప్టరు ప్లేటు చేయించాలి, వెనక జాయింటు రాడ్డు కోసి పొట్టి చేసి బ్యాలెన్సు చేయించాలి. పొట్టి అయిన రాడ్డు కోణం నిటారవుతుంది, జాయింటు కప్పులు తొందరగా పోతాయి. లేత్ పని చేసే మేస్త్రి నిజంగా చేయి తిరిగినవాడైతే బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే ఆ బండి ఇంటి ముందు కంటే షెడ్లోనే ఎక్కువ ఉంటుంది.

ఇక అసలు ఓవర్‌డ్రైవ్. కార్లకు ఇది పాత సంగతే. ఇంగ్లండులో లేకాక్ డి నార్మన్‌విల్ యూనిట్లు 1948లో స్టాండర్డ్ వాన్‌గార్డ్‌తో మొదలై చాలా కార్లలో వచ్చాయి. అమెరికాలో బోర్గ్ వార్నర్ వాళ్ళవి ఉండేవి. అవి గేరు పెట్టె తోకకి తగిలించేవి. జీపుకి గేరు పెట్టె తోక బయటికి ఉండదు, అది నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసులోకి దూరుతుంది. అందుకే కారు ఓవర్‌డ్రైవ్ తెచ్చి జీపుకి పెడతానన్న వాళ్ళని నమ్మకండి. జీపుకి దారి ఆ వెనక మూతే. మూత విప్పితే గేరు పెట్టె షాఫ్టు చివర, దాని మీద ట్రాన్స్‌ఫర్ కేసుని తిప్పే గేరు, దాన్ని పట్టుకున్న నట్టు ఎదురుగా కనిపిస్తాయి. 1948లో ముందు పయ్యల లాకింగ్ హబ్బులతో మొదలైన వార్న్ కంపెనీ ఆ రంధ్రంలోంచే ఓవర్‌డ్రైవ్ దూర్చింది. పాత గేరు తీసేసి, తన గేరుని, దాని వెనక తన పెట్టెని పెట్టింది. హస్కీ, సాటర్న్ పేర్లతో కూడా అలాంటివే వచ్చాయి. రైతు కోసం పెట్టిన రంధ్రం ఇలా రోడ్డుకి పనికొచ్చింది. ల్యాండ్ రోవర్‌కి ఫెయిరీ చేసింది కూడా సరిగ్గా ఇదే, దాని వెనక పీటీవో రంధ్రంలోంచే.

దీని అందం ఎక్కడుందంటే, వద్దనుకున్నప్పుడు అది లేనట్టే ఉంటుంది. లివరు తీసేస్తే 37 అలాగే ఉంది. వేస్తే ప్రతి గేరుకీ ఒక తమ్ముడు పుడతాడు. 2.8కి పక్కన 2.1, 1.55కి పక్కన 1.16, ఒకటికి పక్కన 0.75. ఆ 1.16 విలువ చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. థర్డులో లాగలేక, సెకండులో అరవలేక బండి కొట్టుమిట్టాడే ఎక్కుడు దగ్గర సెకండు ఓవర్‌డ్రైవ్ వేస్తే ఇంజన్ ఊపిరి పీల్చుకుంటుంది. హైవే కోసం కొన్న సామాను ఘాట్‌లో ఎక్కువ పనికొచ్చిందని అందరికంటే ముందు ఒప్పుకునేది నేనే.

దొరకడం మాత్రం తేలిక కాదు. మన దగ్గర జీపు విడిభాగాలకు కొదవ లేదు. ఢిల్లీ మాయాపురి, పంజాబ్ సరిహద్దులో జీపులు తయారుచేసే డబ్వాలీ, మనకు దగ్గర్లో ఆటోనగర్. వీటిలో ఓవర్‌డ్రైవ్ అని అడిగితే మాత్రం చాలా చోట్ల ముఖం చూస్తారు. వచ్చేవి ఎక్కువగా అమెరికా నుంచే. అక్కడున్న బావమరిదో మేనల్లుడో సెకండ్ హ్యాండుది కొని, సెలవులకు వచ్చేటప్పుడు 23 కిలోల పెట్టెలో బట్టలు తగ్గించుకుని తెస్తాడు. పాల్వంచలో, హైదరాబాద్‌లో నేను చూసిన యూనిట్లన్నీ ఇలా వచ్చినవే.

నాది కూడా అలాగే రావాల్సింది. తొందరపడి మన దేశంలోనే ఒక వ్యాపారి దగ్గర కొన్నాను. ఫోటో చూపించాడు, నూనె రాసి మెరుస్తోంది. డబ్బు పంపాను. సామాను వచ్చాక పాల్వంచలో మా మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మూత విప్పకముందే యూనిట్ గేరు మీద సుద్దతో ఒక పన్ను దగ్గర గీత పెట్టి, వేలితో ఒక్కో పన్నూ తడుముతూ లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిది. తర్వాత జీపు కింద దూరి, మూత విప్పి, అక్కడి గేరు లెక్కపెట్టాడు. ఇరవై ఆరు.

“తమ్ముడూ, ఇది నీ బండిది కాదు,” అన్నాడు కిందనుంచే.

“కొంచెం సర్దితే కూర్చోదా అన్నా?”

“పళ్ళు సర్దుకోవడానికి ఇది పెళ్ళి సంబంధమా? రెండు రోజుల్లో పొడైపోతుంది.”

వ్యాపారి వెనక్కి తీసుకోలేదు. అందుకే ఎవరు అడిగినా మొదట చెప్పేది ఇదే: కొనకముందే మీ జీపు మూత విప్పండి. స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు కాలాన్నిబట్టి మారింది. లోపలి గేరుకి 26 పళ్ళుండొచ్చు, 29 ఉండొచ్చు. గేరు పెట్టె వెనక బేరింగు రంధ్రం చిన్నదుంది, పెద్దదుంది. ఇంటర్మీడియట్ షాఫ్టు ముప్పావు అంగుళం నుంచి అంగుళం పావు దాకా లావెక్కింది. పాత టీ-90 పెట్టె షాఫ్టుకి ఆరు గాళ్ళు (స్ప్లైన్లు) ఉంటాయి, పది గాళ్ళవీ ఉన్నాయి. మన జీపుల్లో చాలావాటికి మూడు బండ్ల భాగాలు కలిసి ఉంటాయి కాబట్టి ఆర్‌సీ పుస్తకంలో సంవత్సరం చూసి కొనడం గుడ్డి లెక్క. పళ్ళు, గాళ్ళు, రంధ్రం, ఈ మూడూ కొలిచి కాగితం మీద రాసుకుని, అమ్మేవాడి చేత కూడా కొలిపించి ఫోటో తెప్పించుకోవాలి.

రెండో యూనిట్ మేనల్లుడు తెచ్చాడు. బిగించిన రోజు పొద్దున్నే మేస్త్రి ముందు చేసిన పని ఓవర్‌డ్రైవ్‌కి సంబంధించింది కాదు. గేరు నూనె దించి, డ్రెయిన్ ప్లగ్గుని గుడ్డ మీద తుడిచి ఎండలో పట్టుకుని చూశాడు. బూడిద రంగు పేస్టు ఉంటే మామూలు అరుగుదల. మెరిసే రవ్వలుంటే బేరింగో పన్నో పోతున్నట్టు. నూనె పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు నీళ్ళలో నిలబడ్డ బండ్లలో చాలావాటి హౌసింగుల్లో ఈ తెల్ల నూనె చూశానన్నాడు. అలాంటి పెట్టెకి ఓవర్‌డ్రైవ్ బిగించడం అంటే నెర్రెలు వారిన గోడ మీద అంతస్తు కట్టడమే. ఓవర్‌డ్రైవ్ వేస్తే దాని తర్వాత ఉన్న గేర్లన్నీ ఇంజన్ కంటే మూడో వంతు వేగంగా తిరుగుతాయి. ఉన్న జబ్బు దాచుకోదు, బయట పడుతుంది. మాది ఇంటర్మీడియట్ షాఫ్టు ఊగుతోంది. షాఫ్టు, నీడిల్ బేరింగులు, థ్రస్టు వాషర్లు కొత్తవి వేసేసరికి మధ్యాహ్నం అయింది.

అసలు బిగింపు సాయంత్రంలోగా అయిపోయింది. సీటు తీసి, ఫ్లోరు ప్లేటు విప్పి, మూత తీసి, షాఫ్టు చివరి నట్టు పిన్ను లాగి నట్టు వదిలించాడు. ఏళ్ళ తరబడి కూర్చున్న గేరు రానంటే పుల్లరు వేశాడు, సుత్తి వేయలేదు. సుత్తి దెబ్బ షాఫ్టు ద్వారా గేరు పెట్టె ముందు బేరింగుకి పోతుందట. యూనిట్ పెట్టాక సీలెంటు పలచగా రాసి బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాడు. ఒకే పక్క బిగిస్తే అల్యూమినియం పెట్టె చీలుతుంది. జీపులో వెనక జాయింటు రాడ్డు కుడి పక్కకి ఉంటుంది కాబట్టి దాన్ని కోయాల్సిన పని లేదు. కానీ హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉంటుంది. యూనిట్‌కీ బ్రేకు లివరుకీ మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో హ్యాండ్ బ్రేకు లాగి, వదిలి, మళ్ళీ లాగి చూశాడు. ఇది చూడని చోట బ్రేకు సగమే పడుతుంది, వాలులో తెలుస్తుంది. చివరికి ఫ్లోరులో రంధ్రం చేసి లివరు పైకి తెచ్చాడు.

నూనె విషయంలో అలసత్వం పనికిరాదు. ఈ యూనిట్ ట్రాన్స్‌ఫర్ కేసు నూనె మీదే బతుకుతుంది. మట్టం తగ్గితే అందరికంటే ముందు ఎండిపోయేది ఇదే. గేరు పెట్టె నుంచి ట్రాన్స్‌ఫర్ కేసులోకి సీలు దాటి నూనె జారడం పాత జీపులకు అలవాటు, అందుకని రెండు పెట్టెల మట్టమూ చూడాలి. 90 నూనెలో జీఎల్-4 రకం పోయాలి. జీఎల్-5 లోని మందు ఇత్తడి భాగాల్ని తినేసే ప్రమాదం ఉంది. మొదటి 500 కిలోమీటర్లకి నూనె మార్చాక ప్లగ్గు మళ్ళీ చూసుకోవాలి.

నడపడంలో కూడా నేర్చుకోవాల్సింది ఉంది. ఓవర్‌డ్రైవ్‌లో 60 దగ్గర ఇంజన్ 1,875 చుట్లకు దిగుతుంది, బాగుంటుంది. 45 దగ్గర వేస్తే 1,400కి పడి ఇంజన్ గుక్కపట్టినట్టు కొట్టుకుంటుంది. చుట్లు తక్కువైతే మంచిదే కదా అని అలా నడిపిస్తే క్రాంకు బేరింగులు దెబ్బతింటాయి. 55 దాటితే తప్ప టాప్ ఓవర్‌డ్రైవ్ ముట్టుకోకూడదని నా నియమం. దీంతో బండి 100 పోతుందనుకునే కుర్రవాళ్ళకి చేతులెత్తి చెప్తున్నాను: ఆ స్ప్రింగులు, ఆ స్టీరింగు, ఆ డ్రమ్ము బ్రేకులు వందకి చేసినవి కావు. ఓవర్‌డ్రైవ్ అరవైలో సుఖంగా పోవడానికి. ఒక సన్నని ఈల మోత కూడా వస్తుంది. కొత్తలో భయమేస్తుంది. అది అలాగే ఉంటుంది.

సైన్యం వేలంలో కొన్న జోంగాలున్నవాళ్ళు కూడా ఇది అడుగుతుంటారు. నిస్సాన్ పెట్రోల్ డిజైనుతో జబల్‌పూర్‌లో 1999 దాకా చేసిన ఆ బండి వేరే కుటుంబం, దాని ట్రాన్స్‌ఫర్ కేసుకి ఈ జీపు యూనిట్ పట్టదు. వాళ్ళు దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను తీసి డీజిల్ వేసేటప్పుడే ఐదు గేర్ల పెట్టెతో సహా వేసుకోవడం మేలు.

చట్టం మాట ఒకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ చేసినదానికి, ఆర్‌సీలో రాసినదానికి తేడా వచ్చే మార్పుల్ని ఒప్పుకోదు, 2019లో సుప్రీం కోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. ఇంజను మార్పులు చేయించేవాళ్ళు ముందు ఆర్‌టీవో ఆఫీసులో కనుక్కుని చేయడం క్షేమం. 50 ఏళ్ళు నిండిన జీపున్నవాళ్ళకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. దానికి ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి, బాడుగకి తిప్పకూడదు. మన ప్రాంతపు జీపుల్లో ఎక్కువ భాగం ఎనభైలు, తొంభైలవి, వాటికి ఇంకా ఆ వయసు రాలేదు. వచ్చేవాటిని మాత్రం కోసి, అతికి, పాడు చేసుకోకండి. బోల్టులు విప్పితే వెనక్కి తీయగలిగిన ఓవర్‌డ్రైవ్ మీద నాకున్న ఇష్టానికి ఇదొక కారణం.

బిగింపు అయ్యాక మేస్త్రి పాత గేరు, మూత, నట్టు, పిన్ను అన్నీ డీజిల్‌లో కడిగి, గ్రీజు పూసి, ఒక పాత లుంగీ ముక్కలో చుట్టి నా చేతికిచ్చాడు. “పారేయకు తమ్ముడూ. చర్ల అవతల ఎక్కడన్నా ఇది మొండికేస్తే, పూటలో పాతది ఎక్కించుకుని ఇంటికొచ్చేయొచ్చు,” అన్నాడు. ఆ మూట ఇప్పటికీ డ్రైవరు సీటు కింద జాకీ పక్కన ఉంది. దాన్ని విప్పాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు. అయినా వానాకాలం ముందు ఒకసారి తీసి, గ్రీజు ఎండిందేమో చూసి, మళ్ళీ పూసి చుట్టి పెడుతుంటాను.